మాట మోసాన్ని ఆటలో పట్టుకోవడం: హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి కోసం ఫోన్ ఆటను తయారు చేసుకునే విధానం

ఆదోని వైపు పల్లె నుంచి మాత్రల కోసం వచ్చిన ఒక అక్క తన ఫోనులోని వాయిస్ మెసేజ్‌ను ఒకసారి నాకు వినిపించింది. "ఒక మండలం దినాలు మా కషాయం తాగితే రక్తంలోని పురుగు చచ్చిపోతుంది, ఆ తరువాత ఇంగ్లీషు మాత్రలతో పని లేదు" అని ఒక పెద్దమనిషి గొంతు ఎంతో నెమ్మదిగా, ఎంతో దయగా చెబుతోంది. అది నిజమా, అబద్ధమా అని ఆమె నన్ను అడగలేదు. "ఇది విన్నంక పద్నాలుగు దినాలు మాత్రలు నిలిపినా మేడమ్, ఎవురికీ చెప్పల్యా" అని మాత్రమే అన్నది.

ఆమె చేతిలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) పుస్తకం ఉంది. మందులు జీవితాంతం వేసుకోవాలని కౌన్సెలర్ చెప్పిన మాటను ఆమె అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పగలదు. అంటే ఆమెకు కొరవడింది సమాచారం కాదు. ఆ దయగల గొంతు చెవిలో పడిన క్షణంలో దాన్ని నిలదీసే అలవాటు లేదు, అనుమానం వస్తే సిగ్గుపడకుండా అడగడానికి మనిషి లేడు. హెచ్‌ఐవీ ఉన్నవారి మధ్య అబద్ధం ఇంత సులభంగా చెల్లుబాటు కావడానికి ఈ మౌనమే కారణమని నా నమ్మకం. షుగరు ఉన్న మనిషి రచ్చబండ మీద కూర్చుని పదిమందిని అడగగలడు గానీ ఈ అక్క అడగలేదు. డిజిటల్ ఆట పనికివచ్చేది ఇక్కడే. ఎవరూ చూడని చోట తప్పు సమాధానం చెప్పి, ఆ తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకుని, మళ్లీ ప్రయత్నించే అవకాశాన్ని అది ఇస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో కౌన్సెలర్లు, కేర్ సపోర్ట్ కేంద్రాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల యువకులు పెద్ద ఖర్చు లేకుండా అలాంటి ఆటను ఎలా తయారు చేసుకోవచ్చో, ఎక్కడ జాగ్రత్తపడాలో, మేము అలాంటి ఆట ఒకటి తయారు చేసిన అనుభవంతో, ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. శరీరానికి టీకా వేసినట్టే, బలహీనపరచిన అబద్ధపు వాదనను ముందుగా రుచి చూపిస్తే మనసు అసలు అబద్ధాన్ని తట్టుకుంటుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మెక్‌గ్వైర్ 1960ల తొలి సంవత్సరాల్లో ప్రతిపాదించారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ సిద్ధాంతంపై 2018లో 'బ్యాడ్ న్యూస్' అనే ఆటను, కోవిడ్ కాలంలో 2020లో 'గో వైరల్' అనే ఆటను భాగస్వాములతో కలిసి తెచ్చారు. వాటిలో ఆడేవారే అబద్ధాల ప్రచారకుని కుర్చీలో కూర్చుని అతని ఎత్తుగడలను చేతులారా వాడి చూస్తారు. మన దేశంలోనూ 2005 డిసెంబరు 1న, ప్రపంచ ఎయిడ్స్ దినం నాడు, ఢిల్లీకి చెందిన జడ్‌ఎంక్యూ సంస్థ 'ఫ్రీడమ్ హెచ్‌ఐవీ ఎయిడ్స్' పేరుతో మామూలు బటన్ల ఫోన్లలో ఆడే ఆటలను విడుదల చేసింది. వాటిలో ఒకటి క్రికెట్ ఆట. స్మార్ట్ ఫోన్లు రాకముందే ఆ పని జరిగిందన్న సంగతి, ఇప్పుడు చేతిలో అంతకంటే ఎంతో మెరుగైన సాధనాలు ఉన్న మనకు ధైర్యం ఇవ్వాలి.

మొదట చేయవలసిన పని: మాటలు ఏరుకోవడం

కంప్యూటరు ముందు కూర్చోవడానికి ముందు ఒక నెలపాటు వినండి. మాత్రల కోసం వేచి ఉండే బల్ల మీద, బస్టాండులో, స్వయం సహాయక సంఘాల సమావేశాల్లో వినబడే మాటలను, మనిషి పేరు గానీ ఊరు గానీ రాసుకోకుండా, అన్న మాటను అన్నట్టే నోటుబుక్కులో రాసుకోండి. మనం సరిదిద్దిన పుస్తక భాషలో రాసుకుంటే ఆ మాటలోని ఆకర్షణ పోతుంది, ఆ ఆకర్షణతోనే మనకు పని. తరువాత వాటిలో మనిషి చేత మాత్రలు మానిపించే మాటలను ముందుకు తీయండి. గర్భిణులకు, పసిబిడ్డలకు కీడు చేసేవి ఆ తరువాత వస్తాయి. కంచం పంచుకుంటే, దోమ కుడితే సోకుతుందనే మాటలు వినడానికి బాధాకరమే గానీ వాటిని సరిదిద్దవలసింది ముఖ్యంగా చుట్టుపక్కలవారిలో. పాజిటివ్‌గా ఉన్నవారి కోసం చేసే ఆటలో వాటికి ఎక్కువ చోటు ఇవ్వనక్కరలేదు. మొత్తం మీద ఆరేడు మాటలు చాలు.

ఏరిన ప్రతి మాటకూ వెనుక ఉన్న నిజాన్ని ఏఆర్‌టీ వైద్యాధికారితో సరిచూసుకుని రాయాలి. ఉదాహరణకు "వైరల్ లోడ్ కనబడలేదు అన్నారంటే రోగం పోయినట్టే" అనే మాట తీసుకుందాం. వైరల్ లోడ్ అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క. మందులు రక్తంలో వైరస్ పెరగకుండా అణచిపెడతాయి, కానీ సీడీ4 అనే కొన్ని రోగనిరోధక కణాల్లో అది నిద్రపోతున్నట్టు దాగి ఉంటుంది. మాత్రలు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది, వేసుకుంటూ మానుకుంటూ ఉంటే మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. అదే సమయంలో ఈ మాటలో దాగిన గొప్ప నిజాన్ని కూడా ఆట చెప్పాలి. మాత్రలు క్రమంగా వేసుకుంటూ వైరల్ లోడ్ కనబడని స్థాయిలో నిలిచి ఉన్నవారి నుంచి లైంగికంగా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఈ సంగతి ఎన్నో జంటలను ఏళ్ల తరబడి పరిశీలించిన తరువాత తేలినది. మన పల్లెల్లో దీన్ని ఇప్పటికీ గుసగుసగానే చెబుతున్నారు. గట్టిగా చెప్పవలసిన మాట ఇది.

సగం నిజాలతోనే అసలు కష్టం. "ఈ మాత్రలు కిడ్నీలు పాడు చేస్తాయంట" అనే మాటను ఆట నేరుగా "అబద్ధం" అని కొట్టిపారేస్తే, మరుసటి నెల కౌన్సెలర్ మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష రాసినప్పుడు ఆడినవారు మనల్నే అబద్ధాలకోరులని అనుకుంటారు. ఈ మాత్రల్లో ఉండే టెనోఫోవిర్ అనే మందు కొద్దిమందిలో మూత్రపిండాలపై ప్రభావం చూపవచ్చు. అందుకే ఆ పరీక్ష చేస్తారు, అవసరమైతే మందు మారుస్తారు, అంతే తప్ప సొంతంగా ఆపకూడదు అని పూర్తిగా చెప్పాలి. బలం టానిక్కుల సంగతీ అలాంటిదే. టీఎల్‌డీ అనే, మూడు హెచ్‌ఐవీ మందులు కలిపిన మాత్రలోని డొలుటెగ్రావిర్‌ను కాల్షియం, ఇనుము ఉన్న మాత్రలతో కలిపి ఖాళీ కడుపున వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. వాటికి రెండు గంటల ముందుగా గానీ ఆరు గంటల తరువాత గానీ వేసుకోవాలి, లేదా అన్నంతో పాటు రెండూ వేసుకోవాలి. కడుపుమంటకు తాగే యాంటాసిడ్ల విషయంలో మాత్రం అన్నంతో తీసుకున్నా ఆ వ్యవధి పాటించవలసిందే. కాబట్టి "టానిక్ తాగితే తప్పేముంది?" అనే ప్రశ్నకు ఆటలో "వేళ చూసుకోవాలి" అనేదే సరైన సమాధానం అవుతుంది.

ఆహారం విషయంలోనూ మాట తూచి రాయాలి. రాగి సంగటి, చెనిక్కాయలు, ఆకుకూరలు ఒంటికి మేలు చేస్తాయి. మందుకు బదులుగా వాటిని చూపించినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. దక్షిణాఫ్రికాలో 2000 తరువాతి సంవత్సరాల్లో ప్రభుత్వమే వెల్లుల్లిని, బీట్‌రూట్‌ను పొగిడి ఏఆర్‌టీ పంపిణీని ఆలస్యం చేసింది. దానివల్ల 3,30,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా కట్టారు. మన దేశంలో అయితే నయం చేస్తామని గానీ నివారిస్తామని గానీ ఏ మందూ చెప్పుకోకూడని జబ్బుల జాబితా ఒకటి ఔషధ నియమాల్లో, షెడ్యూల్ జే అనే పేరుతో, ఉంది. అందులో మొదటి పేరే ఎయిడ్స్. "పూర్తిగా నయం" అనే రెండు మాటలు వినబడగానే ఆడేవారి చెయ్యి ఆగేలా ఆట నేర్పగలిగితే సగం పని అయినట్టే.

ఆట నడక

మొదటి భాగంలో ఆడేవారిని మోసగాని అంగట్లో కూర్చోబెట్టండి, కానీ హెచ్‌ఐవీ పేరెత్తకండి. లేని జబ్బు ఒకటి కల్పించుకోండి. మేము "గవ్వజ్వరం" అని పెట్టుకున్నాం. దానికి నల్లటి పొడి ఒకటి అమ్మాలి. ఎలా అమ్ముతావు? "మా బామ్మర్దికి తగ్గింది" అని చెప్పిస్తావా, తెల్లకోటు వేసుకున్న ఫొటో పెడతావా, "ఈ సంగతి డాక్టర్లు దాచిపెడుతున్నారు" అంటావా, "అమావాస్య లోపల కొంటే సగం ధర" అంటావా? ప్రతి ఎత్తుగడకూ గల్లాపెట్టెలో డబ్బు పడుతుంది, కొన్నవారి ఇంట్లో ఏం జరిగిందో మరుసటి తెరలో కనబడుతుంది. లేని జబ్బును ఎంచుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. అసలు అబద్ధాలను మనమే మళ్లీ మళ్లీ వినిపించి వాటికి ప్రాణం పోయకుండా ఉంటాం. పైగా ఒకప్పుడు మోసపోయిన మనిషికి మొదటి తెరలోనే తన తప్పు ఎదురుపడకుండా ఉంటుంది. అంగడి నడిపిన పది నిమిషాల్లో ఎత్తుగడలు వాళ్లకే తెలిసిపోతాయి.

రెండవ భాగం ఒక ఫోను తెర. అందులోకి ఒక్కొక్కటిగా సందేశాలు వస్తుంటాయి. నమ్మాలా, వదిలేయాలా, అడగాలా అనే మూడు బటన్లు ఉంటాయి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు అబద్ధాలను మాత్రమే పెట్టడం. అలా చేస్తే ఆడేవారు అన్నిటినీ అనుమానించడం నేర్చుకుంటారు, ఆసుపత్రి పంపిన నిజమైన సందేశాన్ని కూడా పక్కన పెడతారు. కంపెనీ మారినందువల్ల మాత్ర రంగు మారిన నెలలో "ఇవి నకిలీవి" అని డబ్బాలు వెనక్కి తెచ్చినవారిని నేను చూశాను. అందుకే సందేశాల్లో సగం నిజమైనవి ఉండాలి. "మీ మాత్ర రంగు మారింది, మందు అదే", "బిడ్డకు పుట్టిన వెంటనే సిరప్ మొదలుపెట్టాలి", "మాత్ర మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, రెండు కలిపి వేసుకోకండి" వంటివి. "అడగాలి" అనే బటన్‌కు ఎప్పుడూ మార్కులు తగ్గించకండి. మా ఆటలో దానికే ఎక్కువ మార్కులు.

మూడవ భాగం మీద ఎక్కువ సమయం పెట్టమని నా మనవి. ఇది ఎదురెదురుగా జరిగే మాట. పెళ్లి ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న మనిషి పక్కన పెద్దమ్మ కూర్చుంటుంది. "ఏమ్మా, ఇంత బక్కచిక్కినావు? మా ఊర్లో ఒకాయన చెట్టు ఏరు ఇస్తాడు, తాగితే ఎట్లాంటి రోగమైనా పోతాది. నువ్వేసుకునే మాత్రలు ఏడివో అవి మానెయ్" అంటుంది. ఆమెకు అసలు సంగతి తెలియదు, తెలియకూడదు కూడా. ఆడేవారు ఏం చెప్పాలి? "సరే పెద్దమ్మా" అని తలూపవచ్చు. కోప్పడి లేచిపోవచ్చు. "నాకు డాక్టరు వేరే మందు పెట్టినాడు పెద్దమ్మా, రెండూ కలిస్తే పడవంట, ఆయన్ని అడిగి చెప్తా" అనవచ్చు. గుట్టు కాపాడుకుంటూ, పెద్దరికానికి లోటు రానీయకుండా, మాత్ర మానకుండా బయటపడే ఆ మూడవ సమాధానం మనవాళ్లకు నిజ జీవితంలో కావలసిన విద్య. దాన్ని నోటికి అలవాటయ్యేలా రెండు మూడు సన్నివేశాల్లో తిప్పి తిప్పి ఆడించాలి. సుగ్గికి (కూలి పనుల కోసం వలస) పోయే కుటుంబాల కోసం మేస్త్రీతో ఒక సన్నివేశం, బెంగళూరు బస్సులో తోటి కూలీతో ఒకటి రాసుకున్నాం. కోసిగి వైపు నుంచి మిరపకోతలకు నెలల తరబడి వెళ్లేవారికి మాత్రలు అయిపోవడం కూడా అబద్ధమంత ప్రమాదమే. వెళ్లేముందే ఎక్కువ రోజులకు మాత్రలు అడగవచ్చని, వెళ్లిన చోటి కేంద్రంలో తీసుకునే ఏర్పాటు గురించి కనుక్కోవచ్చని ఆ సన్నివేశంలోనే తెలియజేశాం.

తయారీ

దీనికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. 'ట్వైన్' అనే ఉచిత సాధనం 2009 నుంచి ఉంది. దానిలో ఒక్కో తెరకు ఒక్కో పెట్టె ఉంటుంది, పెట్టె నుంచి పెట్టెకు దారి కలుపుకుంటూ పోతే కథ తయారవుతుంది. తెలుగు అక్షరాలు చక్కగా కనబడతాయి. చివరికి వచ్చేది ఒకే ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు కాబట్టి ఇంటర్నెట్ లేకుండానే ఫోను బ్రౌజరులో తెరుచుకుంటుంది. ముందుగా పాత పెళ్లి పత్రికల వెనుక వైపు ఒక్కో తెరను రాసి, నేల మీద పరిచి, దారాలతో కలిపి చూసుకోండి. దారి ఎక్కడ మూసుకుపోయిందో అక్కడే తెలిసిపోతుంది. తెరకు నాలుగు వాక్యాలు మించకూడదు.

చదవడం రానివారి కోసం గొంతు తప్పనిసరి. సీమ యాసలోనే రికార్డు చేయండి. వార్తలు చదివే భాషలో మోసగాడు మాట్లాడితే ఎవరూ నమ్మరు. అయితే పాజిటివ్‌గా ఉన్నవారి గొంతులు వాడకండి. ముఖం దాచినా గొంతును ఊరివాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ధ్వని ఫైళ్లను విడిగా ఉంచితే ఒక ఫోను నుంచి మరో ఫోనుకు పంపేటప్పుడు తెగిపోతాయి కాబట్టి, గొంతు ఉన్న ఆటను కేంద్రంలోని ట్యాబ్లెట్‌లో హెడ్‌ఫోన్లతో ఆడించడమే మేలు.

గుట్టు

మా తొలి నమూనాలో ఒక పెద్ద తప్పు చేశాము. ఫైలు పేరులోనే జబ్బు పేరు ఉంది. ఒక తల్లి దాన్ని తన కొడుకు ఫోనులోకి ఎక్కించుకుంది. సాయంత్రం ఆ అబ్బాయి డౌన్‌లోడ్ల జాబితా తెరిచేలోపే ఆమెకు గుర్తొచ్చి తుడిచేసింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇళ్లలో ఫోను ఒకరి సొత్తు కాదు, ఈ సంగతి ముందే తట్టి ఉండాలి. ఇప్పుడు ఆట పేరు "చెనిక్కాయల అంగడి". మొదటి తెరలో గానీ పేరులో గానీ జబ్బు ప్రస్తావన లేదు. ప్రతి తెర మూలలో ఒక బటన్ ఉంటుంది, దాన్ని తాకగానే తిథి, వారం చూపే పంచాంగం పేజీ వస్తుంది.

ఆడేవారి పేరు, నంబరు, ఊరు ఏదీ అడగకండి. ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో చూపించే పట్టిక పెట్టకండి. వాట్సాప్ గ్రూపులో వేయకండి, అందులో చేరినవారి నంబర్లు అందరికీ కనబడతాయి. హెచ్‌ఐవీ ఉన్న మనిషి సంగతిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఆట తయారు చేసే మనకూ అది వర్తిస్తుందనుకునే పని చేయాలి. మరొక సంగతిని మరీ మరీ చెబుతున్నాను. మాత్రలు వేసుకుంటున్నా తమకు ఏమి ఉందో ఇంకా తెలియని పిల్లలు ఉంటారు. కౌన్సెలర్‌ను, పెద్దలను అడగకుండా ఈ ఆటను ఏ పిల్లవాని చేతికీ ఇవ్వకండి.

ఆడించడం, సరిచూసుకోవడం

మాత్రలకు వచ్చిన రోజునే, కౌన్సెలింగ్ గదిలో, ఇరవై నిమిషాలు చాలు. ఆడుతున్నంతసేపు మనం తెర వైపు చూడకూడదు. ఇలాంటి ఆటల ప్రభావం వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతుందని పరిశోధనల్లో తేలింది కాబట్టి, తరువాతి రాకలో కొత్త సందేశాలతో ఐదు నిమిషాలు మళ్లీ ఆడించాలి.

ఫలితం తెలుసుకోవడానికి ఆటకు ముందు ఐదు నిజాలు, ఐదు అబద్ధాలు చూపించండి, తరువాత వేరే ఐదు, వేరే ఐదు చూపించండి. రెండు లెక్కలు విడివిడిగా వేయాలి. అబద్ధాలను పట్టుకోవడం రెండు నుంచి నాలుగుకు పెరిగి, నిజాలను నమ్మడం నాలుగు నుంచి రెండుకు పడిపోతే ఆట చెడ్డదైనట్టే. మొత్తం మార్కులు మాత్రం ఆరు దగ్గరే ఉంటాయి కాబట్టి, కలిపి లెక్కిస్తే ఈ సంగతి కనబడదు. అప్పుడు నిజమైన సందేశాలను మరింత తేటగా రాయాలి. మాత్రల క్రమం బాగుపడిందా అన్నది ఆట మార్కుల్లో వెతకకూడదు, దానికి వైరల్ లోడ్ పరీక్ష ఉంది.

ఆరు నెలలకొకసారి వైద్యాధికారి పక్కన కూర్చుని ప్రతి తెరను తిరిగి చదవండి. ఎఫావిరెంజ్ ఉన్న పాత మాత్రను తల తిరుగుతుందని, పాడు కలలు వస్తాయని రాత్రి పడుకునేముందు వేసుకోమనేవారు. ఇప్పటి టీఎల్‌డీకి ఆ నిబంధన లేదు. రాత్రి డ్యూటీ చేసే మనిషి ఆటలోని పాత సలహాను పట్టుకుని మాత్రలు వేసుకోవడం తప్పితే ఆ తప్పుడు సమాచారం మనది అవుతుంది.

చివరి తెరలో మార్కులు వద్దు. జాతీయ సహాయ నంబరు 1097 ఉండాలి, దాని కింద "ఈ రోజు కౌన్సెలర్‌ను ఏం అడుగుతారు?" అనే ప్రశ్న ఉండాలి. గత వేసవిలో ఆ ఆదోని అక్క అంగడి ఆట ముగించి, హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, సంచిలో నుంచి ఒక అట్ట తీసింది. రక్తం తక్కువగా ఉందని పల్లెలో ఇచ్చిన ఐరన్ మాత్రలు అవి. "మేడమ్, ఈ ఎర్ర మాత్రలు, ఆ మాత్ర, రెండూ ఒకే పొద్దు ఏసుకోవచ్చునా?" అని అడిగింది. ఆ మాత్రను పొద్దున్నే వేసుకుని, ఎర్ర మాత్రను మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకోమని కౌన్సెలర్ ఆమె పుస్తకంలో సూర్యుని బొమ్మ ఒకటి, అన్నం కంచం బొమ్మ ఒకటి గీసి ఇచ్చింది.